డిజైనుకు విడిగా ధర ఎప్పుడు?

అనకాపల్లిలో ఉంటూ, ఎవరి దగ్గరా నెల జీతానికి చేరకుండా, గ్రాఫిక్ డిజైనూ వెబ్‌సైట్ల పనీ చేసుకుని ఇల్లు నడపొచ్చా? ఈ ప్రశ్న ఇప్పుడు ఈ ఊళ్ళో చాలా ఇళ్ళల్లో తిరుగుతోంది. చదువు అయిపోయిన పిల్లలు ఇంట్లోంచే పని చేసుకుంటామంటున్నారు. అది ఉద్యోగమో, ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపమో తల్లిదండ్రులకి తేలడం లేదు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని అడిగితే "ఫ్రీలాన్సర్" అన్న మాట ఇంకా జవాబుగా నిలబడటం లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నడపొచ్చు. ఊళ్ళో పని ఉంది, చేసే చేతులూ ఉన్నాయి. కానీ డిజైను అనేది విడిగా డబ్బిచ్చి కొనుక్కునే సరుకని మన ఊరు ఇంకా ఒప్పుకోలేదు. రేట్ల గొడవ, బాకీల గొడవ, "ఆ ఫైలు కూడా ఇచ్చెయ్యి" అనే గొడవ, అన్నీ అక్కడ పుట్టినవే.

ఈ పనిలోకి జనం మూడు దారుల్లో వచ్చారు. డీటీపీ సెంటర్లలో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో, ఫ్లెక్సీ షాపుల్లో ఏళ్ళ తరబడి కూర్చుని చెయ్యి తిరిగినవాళ్ళు కొందరు. సొంతంగా సిస్టమ్ కొనుక్కుని నాలుగైదు షాపులకి ఫైలుకింత అని చేసిపెడతారు. అప్‌వర్క్, ఫైవర్ లాంటి వేదికల మీద విదేశాలవాళ్ళకి లోగోలు, వర్డ్‌ప్రెస్ సైట్లు చేసిచ్చే కుర్రాళ్ళు ఇంకొందరు. వీళ్ళ కస్టమర్లలో అనకాపల్లి పేరు విన్నవాళ్ళు ఉండరు. హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో చేసి కరోనా కాలంలో ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు, పెళ్ళీ పిల్లల తర్వాత ఉద్యోగం మానుకుని ఇంటి నుంచి మళ్ళీ మొదలుపెట్టిన ఆడవాళ్ళు మరికొందరు. ఇది ఒక్క మన ఊరి సంగతి కాదు. ఆన్‌లైన్‌లో పనులు చేసి బతికేవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద 15.4 కోట్ల నుంచి 43.5 కోట్ల దాకా ఉంటారని ప్రపంచ బ్యాంకు 2023లో అంచనా కట్టింది. అందుకోసం చేసిన సర్వేలో పదిమందికి ఆరుగురు చిన్న నగరాలవాళ్ళేనని తేలింది. మన దేశంలో గిగ్ పనివాళ్ళు 2020-21లో 77 లక్షలనీ, 2029-30కి 2.35 కోట్లవుతారనీ నీతి ఆయోగ్ 2022లో చెప్పింది. గిగ్ అన్న మాట వినగానే మన కళ్ళ ముందుకి డెలివరీ కుర్రాళ్ళు, క్యాబ్ డ్రైవర్లు వస్తారు. గది తలుపు వేసుకుని రాత్రి రెండింటిదాకా స్క్రీను ముందు కూర్చునే డిజైనరు ఎవరికీ గుర్తుకురాడు.

ఊళ్ళో పని ఎక్కడుంది? 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. విశాఖపట్నం జిల్లా అని ఉన్న లెటర్‌హెడ్లు, బోర్డులు, బిల్లు బుక్కులు, రబ్బరు స్టాంపులు మారాల్సి వచ్చింది. ఉగాది ముందు కొత్త అమావాస్య నుంచి నూకాంబిక అమ్మవారి జాతర బ్యానర్లు. మాఘం, ఫాల్గుణం, శ్రావణం వస్తే శుభలేఖలు, పెళ్ళి బ్యానర్లు, వాట్సాప్‌లో పంపుకునే వీడియో ఆహ్వానాలు. మే, జూన్లలో స్కూళ్ళ, కాలేజీల అడ్మిషన్ పాంప్లెట్లు. ఆషాఢం, మూఢం వస్తే శుభలేఖల పని ఆగిపోతుంది, ఆ నెలల్లో చేతిలో డబ్బు ఆడదు. ఎన్నికల ఏడాది లెక్కే వేరు. అచ్యుతాపురం సెజ్, పరవాడ ఫార్మా సిటీ పక్కనే ఉన్నా ఆ కంపెనీల డిజైను పని చాలావరకు పెద్ద ఊళ్ళ ఏజెన్సీలకే పోతుంది. దాన్ని లాక్కొచ్చే దారి మనవాళ్ళకి ఇంకా పడలేదు.

ఫ్లెక్సీ పనిని చిన్నచూపు చూసేవాళ్ళు చాలామంది. అందులో పట్టే తెలివి వాళ్ళకి తెలియదు. ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీయే తీసుకోండి. పై వరసలో గుండ్రటి చట్రాల్లో పార్టీ పెద్దలు. వాళ్ళ వరస తప్పకూడదు. పక్కన చేతులు జోడించిన నాయకుడు నిలువెత్తున ఉండాలి. కింద శుభాకాంక్షలు చెప్పే పదిమందో ఇరవైమందో, పేరూ హోదాతో సహా. అందులో ఒకరి ఫొటో పక్కవాడి ఫొటో కన్నా కాస్త పెద్దదైతే రాత్రికి రాత్రే ఫోన్లు మొదలవుతాయి. వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటోలోంచి మనిషిని కత్తిరించి తియ్యాలి, ముఖానికి వెలుగు తేవాలి, పన్నెండడుగులకి సాగదీసినా చెదరకుండా చూడాలి. సాయంత్రం ఆరింటికి మ్యాటరొస్తే తెల్లారేసరికి నెహ్రూ చౌక్‌లో కట్టేసి ఉండాలి. ఇంత పని చేసిన మనిషికి విడిగా వచ్చేది ఏమీ లేదు. బిల్లు చదరపు అడుగుల లెక్కన ఉంటుంది. "ప్రింటు మీ దగ్గరే కదా బాబూ, డిజైనుకి కూడా డబ్బులేంటి?" అన్న మాట ఈ ఊళ్ళో వినని డిజైనరు ఉండడు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. డిజైను ఖర్చుని మన ప్రెస్సులు తరతరాలుగా ప్రింటు ధరలో కలిపేశాయి. లెటర్‌ప్రెస్ రోజుల్లో అక్షరాలు కూర్చేవాడి కూలీ కాగితం ఖర్చులో కలిసిపోయింది. ఆఫ్‌సెట్ వచ్చాక ప్లేటు ఖర్చులో, ఫ్లెక్సీ వచ్చాక అడుగు రేటులో కలిసిపోయింది. షాపులో జీతానికి కూర్చున్నంతకాలం డిజైనరుకి ఇది పట్టలేదు. ఫ్రీలాన్సర్ అయ్యాక అతను అమ్మేది డిజైను ఒక్కటే. దాన్నేమో ఊరు ఉచితమనుకుంటోంది.

ఫ్లెక్సీ మీదే బతకడం ఎంత ప్రమాదమో 2022 ఆగస్టు 26న తెలిసొచ్చింది. రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని నాటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి విశాఖలోనే ప్రకటించారు. నవంబరు 1 నుంచి అమలన్నారు, ఆ గడువు తర్వాత జనవరి 26కి జరిగింది. గుడ్డ బ్యానర్ల ధర ఎంత, ప్రింటరు అప్పు ఎలా తీరాలి అని షాపులవాళ్ళు తలలు పట్టుకున్నారు. పర్యావరణం దృష్టిలో ఆ ఆలోచన సరైనదేనని నేననుకుంటాను. మెషీనుకి అప్పు తెచ్చిన షాపు యజమాని బాధా నిజమే. పని తెలిసిన డిజైనరుకి మాత్రం గుడ్డైనా, కాగితమైనా, ఫోన్ తెరైనా ఒకటే. మెషీను లేకుండా తెలివిని అమ్ముకోగలిగితే ఇలాంటి దెబ్బ తట్టుకోవచ్చు.

ఊళ్ళోనే డిజైనుకి విలువ కట్టక తప్పని చోటు ఒకటుంది. అది బెల్లం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలో పేరున్న పెద్ద మార్కెట్లలో ఒకటి. దిమ్మలుగా అమ్మినంతకాలం దానికి లేబులు అక్కర్లేదు. ఇప్పుడు బెల్లం పొడి, చిన్న చిన్న ముక్కలు, మందులు వెయ్యని బెల్లం ప్యాకెట్లలో, డబ్బాల్లో ఊళ్ళు దాటి పోతున్నాయి. ప్యాకెట్ అనగానే చట్టం వచ్చింది. సరుకు పేరు, నికర బరువు, తయారైన తేదీ, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకి ఫోన్ నంబరు ఉండాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉండాలి, ఆ చుక్క ఎంత ఉండాలో ప్యాకెట్ ముఖం వైశాల్యాన్ని బట్టి నిబంధన చెబుతుంది. పైగా ఈ వివరాలు తెలుగులో మాత్రమే వేస్తే చాలదు. ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ వేసి తీరాలి, తెలుగు దానికి అదనం. అరచేతంత కాగితం మీద ఇవన్నీ అమర్చి, ఆపైన బెల్లం నోరూరేలా కనిపించాలి. ముదురు రంగు బెల్లానికి మార్కెట్లో తక్కువ ధర పలుకుతుంది. మందులు వెయ్యని బెల్లం ఆ రంగులోనే ఉంటుంది. ఆ ముదురు రంగే మంచితనానికి గుర్తని కొనేవాడికి నచ్చజెప్పాల్సిన భారం లేబులు మీద పడింది. ఇలాంటి పని ఒకసారి తప్పు చేస్తే అచ్చైన వేల కవర్లు పారెయ్యాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ "డిజైను ఫ్రీ" అన్న మాట వినపడదు. నిబంధనలు తెలిసిన డిజైనరు అడిగిన ధర కళ్ళు మూసుకుని ఇస్తారని కాదు గానీ, బేరమాడేటప్పుడు కాస్త మర్యాద ఉంటుంది.

ఏటికొప్పాక బొమ్మలదీ అదే దారి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పి, సహజ రంగులు కలిపిన లక్క పూసి చేసే ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం ఏళ్ళ తరబడి శ్రమించిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం మీద ఆ బొమ్మలు ఢిల్లీ వీధిలో నడిచాయి. ఇంత పేరొచ్చిన సరుకుని ఆన్‌లైన్లో అమ్మాలంటే ఫొటో కావాలి, కథ రాసిన పేజీ కావాలి, పెట్టె కావాలి. యలమంచిలి దాటితే ఏటికొప్పాక. పక్కూరి డిజైనరు ఆ పని చేస్తే కళాకారుడి ఇంటికి వెళ్ళి, లక్క ఎలా కరుగుతుందో చూసి చేస్తాడు. ఎక్కడో కూర్చున్న ఏజెన్సీ ఆ పని చెయ్యదు.

ఇక రెండో బజారు, ఆన్‌లైన్ వేదికలు. 1999లో పుట్టిన ఈలాన్స్, 2003లో పుట్టిన ఓడెస్క్ 2013లో కలిసి 2015లో అప్‌వర్క్ అయ్యాయి. ఫైవర్ 2010లో ఇజ్రాయెల్‌లో మొదలైంది. ఇక్కడ డిజైనుకి విడిగా ధర ఉంది. లోగో అంటే లోగో డబ్బులే, కాగితం లేదు, అడుగులు లేవు. కానీ ఆ ధర మీద వేదిక వాటా ఉంటుంది. ఫైవర్ అమ్మేవాడి సంపాదనలో 20 శాతం తీసుకుంటుంది. అప్‌వర్క్ 2023లో అందరికీ 10 శాతం అంది, 2025 నుంచి పనిని బట్టి సున్నా నుంచి 15 శాతం దాకా మారుతుందంది. నియమం మార్చేటప్పుడు అనకాపల్లిలో కూర్చున్నవాణ్ణి ఎవరూ అడగరు. రేటింగ్ ఒకసారి పడిపోతే నెలల కష్టం పోతుంది. మొదటి పని దొరకడమే గగనం. అది దొరకడానికి అయినకాడికి చేస్తామంటూ బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళు కూడా అదే వరసలో నిలబడి ఉంటారు. దీనికి తోడు పోటీ పెట్టి, వందమంది చేత లోగోలు వేయించుకుని, ఒక్కరికి డబ్బిచ్చే పద్ధతి ఒకటుంది. 2008లో మెల్‌బోర్న్‌లో మొదలైన 99డిజైన్స్ దాన్నే పెద్ద వ్యాపారం చేసింది. నేర్చుకునే కుర్రాడికి అలాంటి పోటీలు సాధనగా పనికొస్తాయేమో గానీ బతుకుతెరువుగా పనికిరావు. మిగిలిన తొంభై తొమ్మిది మంది రాత్రుళ్ళకి ధర కట్టేవాడు లేడు.

రెండు బజార్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే నన్ను ఒక సంగతి కలవరపెడుతుంది. ఊళ్ళో తెలుగు అక్షరానికి గిరాకీ ఉంది, డిజైనుకి ధర లేదు. వేదిక మీద డిజైనుకి ధర ఉంది, తెలుగు అక్షరానికి గిరాకీ లేదు. మనవాడికి పుట్టుకతో వచ్చిన బలం ఏ బజారులోనూ పూర్తిగా అమ్ముడుపోవడం లేదు.

ఆ బలం ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు డీటీపీ చాలావరకు అను ఫాంట్ల మీద పెరిగింది. పేజ్‌మేకర్లో, కోరెల్‌డ్రాలో అను స్క్రిప్టు మేనేజర్ పెట్టుకుని, ఆపిల్ కీబోర్డో రోమానో నేర్చుకుని, కళ్ళు మూసుకుని కొట్టేవాళ్ళు మన ప్రెస్సుల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ వేగం గొప్పదే. కానీ ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి చేసినవి. కాగితం మీద అచ్చొత్తినంతసేపు ఎవరికీ తేడా తెలియదు. అదే మ్యాటరు వెబ్‌సైట్లో పేస్ట్ చేస్తే అర్థంకాని గుర్తుల వరస వస్తుంది. అందుకే మన ఊరి సైట్లలో చాలావాటిలో తెలుగు బొమ్మగా ఎక్కుతోంది. ప్రెస్సులో చేసిన పేజీని జేపీజీ తీసి అతికించేస్తారు. కంటికి తెలుగే. గూగుల్‌కి మాత్రం అక్కడ ఒక్క అక్షరం లేదు. "అనకాపల్లి బెల్లం" అని వెతికినవాడికి ఆ పేజీ దొరకదు. చూపులేని మనిషి ఫోనుకి చదివి వినిపించడానికి ఏమీ ఉండదు.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. చాలా ఏళ్ళు మంచి ఫాంట్లు లేక ఇబ్బంది పడ్డాం. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, విండోస్‌తో వచ్చిన గౌతమి, అంతకు మించి పెద్దగా దొరికేవి కావు. తర్వాత సిలికానాంధ్ర పూనుకుని, పురుషోత్ కుమార్ గుత్తుల గారి చేత వరసగా తెలుగు ఫాంట్లు చేయించి ఎవరైనా వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో వదిలింది. రామభద్ర, మండలి, సూరన్న, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ, ఇలా మన పేర్లే వాటికి. గురజాడ అప్పారావు గారు పుట్టిన రాయవరం ఇప్పటి అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ఆయన పేరుతో ఉన్న అక్షరాలు గూగుల్ ఫాంట్స్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి, ఆయన జిల్లా సైట్లలో కనిపించడమే అరుదు. ఆ తర్వాత నోటో, హింద్ గుంటూరు, బాలూ తమ్ముడు, 2022లో ఎక్ టైప్ వారి అనేక్ తెలుగు వచ్చాయి. అక్షరం లేదన్న సాకు ఇక చెల్లదు.

ఫాంటు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. ఇంగ్లీషు కోసం కట్టిన టెంప్లేటులో తెలుగు పోస్తే ఏమవుతుందో చూడండి. ఇంగ్లీషు శీర్షికకి వరసల మధ్య దూరం తక్కువ పెడతారు. అందులో "శ్రీ మహాలక్ష్మీ జ్యువెలర్స్" అని రాస్తే "క్ష్మీ" కింద ఒత్తు కింది వరస గుడి మీదకి ఎక్కుతుంది, లేదా బటన్ అంచు దగ్గర తెగిపోతుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచే అలంకారం తెలుగుకి పెడితే మాట చెల్లాచెదురవుతుంది. ఫొటోషాప్‌లో దక్షిణాసియా లిపుల అమరిక పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులుగా పడతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలో పొల్లు నిలబడాలంటే కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు కొట్టాలి. ఈ సంగతులు చూసి సరిదిద్దాలంటే చదవగలిగిన కన్ను కావాలి. సినిమా పేర్లకి, పుస్తకాల అట్టలకి బాపు గారు రాసిన అక్షరాలు చూస్తూ పెరిగిన జాతి మనది. అక్షరం బాగుంటే మాట బాగుంటుందని మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఈ బలానికి ధర పలికే బజారు ఒకటి ఉందని నా నమ్మకం. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు. 1977లో మొదలైన తానా, ఆ తర్వాత వచ్చిన ఆటా, ఊరూరా ఉన్న తెలుగు సంఘాలు, గుళ్ళు, బడులు, వంటల వ్యాపారాలు. వాళ్ళకి సావనీర్లు కావాలి, ఉగాది ఆహ్వానాలు కావాలి, తప్పుల్లేని తెలుగుతో సైట్లు కావాలి. డిజైనుకి విడిగా డబ్బివ్వడం అక్కడ అలవాటే. అక్కడివాళ్ళకి తెలుగు తెలిసిన డిజైనరు దొరకడు, ఇక్కడి డిజైనరుకి వాళ్ళ చిరునామా తెలియదు. ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు అమెరికాలో ఉన్న ఊరు మనది. అయినా ఈ రెండు కొసలూ ఇంకా కలవలేదు.

డబ్బు సంగతికొస్తే, విదేశీ సొమ్ము రావడం ఒకప్పటంత కష్టం కాదు. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపలి చెల్లింపులు ఆపేసినా బయటినుంచి వచ్చేవి కొనసాగించింది. పయోనీర్ ఉంది, నేరుగా బ్యాంకుకీ వస్తుంది. ఏ దారిన వచ్చినా సొమ్ము విదేశం నుంచి వచ్చిందన్న కాగితం బ్యాంకు నుంచి తీసి దాచుకోవాలి. సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే. దాటితే ఇక్కడివాళ్ళకి 18 శాతం వెయ్యాలి, విదేశీ పనికి మాత్రం ముందుగా ఎల్‌యూటీ అనే హామీపత్రం పెడితే పన్ను పడదు. కంపెనీలు ఏడాదిలో 50 వేలు దాటిన వృత్తి ఫీజు మీద 10 శాతం కోసి ఇస్తాయి. అది పోయిన డబ్బనుకుని వదిలేసేవాళ్ళున్నారు. రిటర్ను వేస్తే, కట్టాల్సింది పోగా మిగిలింది తిరిగొస్తుంది. రాబడిలో సగం ఆదాయంగా చూపించే తేలిక పద్ధతి, 1961 చట్టంలో 44ఏడీఏగా అందరూ చెప్పుకునేది, కొన్ని వృత్తులకే ఉంది. సాంకేతిక సలహా, ఐటీ అందులో ఉన్నాయి. గ్రాఫిక్ డిజైన్ పేరు పెట్టి లేదు. వెబ్ పనీ బొమ్మల పనీ కలిపి చేసేవాళ్ళు రిటర్ను వేసేముందు ఆడిటరు దగ్గర ఒక్కసారి కూర్చోవడం మంచిది.

బాకీల గురించి మాత్రం నేను గట్టిగా చెప్పాలి. మన ఊరి ఫ్రీలాన్సర్లని కుంగదీసేది తక్కువ రేటు కన్నా రాని డబ్బే. "ఓపెనింగ్ అయ్యాక చూద్దాం", "పార్టనరు ఊళ్ళో లేడు", ఆపైన ఫోను ఎత్తరు. దీనికి మందు 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టంలో ఉంది. 2020 జూలై నుంచి వచ్చిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో ఇంట్లోంచే అవుతుంది. అది ఉన్న చిన్న సంస్థకి, ఒక్కడే ఉన్న డిజైనరుకైనా సరే, కాగితం మీద ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపల డబ్బివ్వాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన పన్ను నిబంధన ఇంకా పదునైంది. గడువులో ఇవ్వని బిల్లుని కొనుగోలుదారు డబ్బిచ్చిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోగలడు. ఈ ముక్క ఇన్‌వాయిస్ అడుగున రెండు వరసల్లో రాసి, ఉద్యమ్ నంబరు వేస్తే చాలు. అవతలి వ్యాపారి ఆడిటరే ఆ డబ్బు ఇప్పిస్తాడు.

ఫైలు ఎవరిది అన్నదీ అలాంటి ప్రశ్నే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం జీతగాడు ఉద్యోగంలో భాగంగా చేసింది యజమానిది. ఫ్రీలాన్సర్ చేసింది మొదట ఫ్రీలాన్సర్‌దే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో, వేయించుకున్న పెయింటింగ్ లాంటి కొన్నిటికే డబ్బిచ్చినవాడు మొదటి హక్కుదారు అవుతాడు. లోగో ఆ జాబితాలో లేదు. హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఆ రాతలో కాలం చెప్పకపోతే ఐదేళ్ళు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే. అంటే బెల్లం ప్యాకెట్ మీద లోగోకి కాగితం రాసుకోని వ్యాపారి రేపు దుబాయికి ఎగుమతి చేసేటప్పుడు చిక్కులో పడొచ్చు. ఒప్పందం డిజైనరుకి ఎంత అవసరమో వ్యాపారికీ అంతే అవసరం. దొంగ సాఫ్ట్‌వేర్ వాడకాన్నీ ఇక్కడే చెప్పాలి. మన హక్కు గౌరవించమని అడిగేవాళ్ళం పక్కవాడి హక్కుని గౌరవించాలి. తెలిసీ దొంగకాపీ వాడితే కనీసం ఏడు రోజుల జైలు చట్టంలో ఉంది. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత సాధనాలు యూనికోడ్ తెలుగుని చక్కగా చూపిస్తాయి.

కాన్వా, ఏఐ ఈ పనిని మింగేస్తాయా? కొంత మింగేశాయి. స్కూలు టీచరు పోస్టరు, చిన్న కొట్టు పండగ శుభాకాంక్షలు ఫోన్లోనే అయిపోతున్నాయి. వాటికి డిజైనరు దగ్గరకి జనం ఇక రారు, రానక్కర్లేదు కూడా. బొమ్మ గీసే ఏఐలు ఇటీవల మెరుగుపడినా తెలుగు ఒత్తుల దగ్గర తరచూ తడబడుతున్నాయి. లేని అక్షరాన్ని నమ్మకంగా గీసేస్తాయి. ఆ తడబాటు రేపు పోవచ్చు, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. లేబులు నిబంధన తెలిసి, జాతర ఎప్పుడో తెలిసి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎక్కడుండాలో తెలిసి, తప్పు పడితే బాధ్యత తీసుకునే మనిషి అవసరం అప్పుడూ ఉంటుంది.

ఈ పనికి పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, మెడ నొప్పికీ కంటి మంటకీ సెలవు లేదు. 2020 సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి గిగ్, వేదికల పనివాళ్ళకి చట్టంలో పేరిచ్చింది. ఆ రక్షణ టాక్సీ, డెలివరీ యాప్‌ల దగ్గర ఆగిపోకుండా, ఇంట్లో కూర్చుని నాలుగు ఫ్లెక్సీ షాపులకి ఫైళ్ళు చేసే మనిషిదాకా రావాలి.

ఎక్కడినుంచి మొదలుపెట్టాలంటే, బిల్లు దగ్గర. బెల్లం మార్కెట్లో దిమ్మల రంగు చూసి ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని తేల్చి, తూకం వేసి, క్వింటాలు ధర పలికాకే సరుకు కదులుతుంది. రైతు పేరున చీటీ పడుతుంది. మన ప్రెస్సుల బిల్లు మీద కూడా డిజైనుకి ఒక వరస, ప్రింటుకి ఒక వరస పడాలి. మొదట్లో డిజైను వరసలో వందో రెండొందలో పడినా ఫరవాలేదు, ప్రింటు వరసలో ఆ మేర తగ్గించుకోవచ్చు, కస్టమరు జేబులోంచి అదనంగా పైసా పోదు. రెండు కరెక్షన్ల దాకా అందులోనే, మూడో కరెక్షన్ నుంచి ఇంత అని అదే బిల్లు అడుగున అచ్చువెయ్యాలి. అడ్వాన్సు సగం, ఫైనల్ ఫైలు మిగతా సగం అందాకే. సీడీఆర్, పీఎస్‌డీ లాంటి మార్చుకోగల అసలు ఫైలు కావాలంటే దానికి వేరే ధర, హక్కు రాసిచ్చే కాగితం దానికి జత. ఈ పని ఫ్రీలాన్సర్ ఒక్కడు చేస్తే "వీడికి టెక్కు" అంటారు. ఊళ్ళో ఉన్న ప్రెస్సులూ ఫ్లెక్సీ షాపులూ ఒకే మాట మీద ఒక ఉగాది నుంచి మొదలుపెడితే, మళ్ళీ ఉగాది వచ్చేసరికి బయటి ఫ్రీలాన్సర్ డిజైను ధర చెప్పినప్పుడు వినేవాళ్ళకి అది కొత్తగా ఉండదు.